అమ్మ ‘తాళం’ అన్న రాత్రి

వేగంగా పెరిగే మెదడు కణితితో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు ఆ నెలలను ఎలా గడిపారు, ఇప్పుడైతే ఏం వేరుగా చేసేవారు అని మీరు అడిగారు. మీ నాన్నగారికి మూడు వారాల క్రితం గ్లయోబ్లాస్టోమా అని తేలిందనీ, ఆయన తట్టుకోలేరేమోనన్న భయంతో ఆ సంగతి ఇంకా చెప్పలేదనీ చివర్లో రాశారు. ఎలా గడిపామన్నదానికి నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. ఒక రోజు గడిస్తే ఇంకో రోజు వచ్చింది, అంతే. వేరుగా ఏం చేసేదాన్నో మాత్రం నాకు బాగా తెలుసు. అది మీరు రాసిన ఆ చివరి వాక్యం గురించే కనుక అక్కడినుంచే మొదలుపెడతాను. మీ నాన్నగారికి చెప్పండి. కణితి ఎడమ వైపున, మాటకు సంబంధించిన చోట ఉంటే మరీ త్వరగా చెప్పండి. ఈ జబ్బు చాలామందిలో ప్రాణం తీయడానికి చాలా ముందే మాటను తీసుకుపోతుంది, మాటతో పాటు తన సంగతి తాను తేల్చుకునే శక్తినీ తీసుకుపోతుంది.

మా అమ్మకు అప్పుడు 61 ఏళ్ళు. ఉద్యోగ జీవితమంతా లెక్కల పుస్తకాలతో గడిపిన మనిషి, పదవీ విరమణ చేశాక కూడా ఇంటి ఖర్చులు రోజూ రాసుకునేది. ఆమెలో మేము మొదట గమనించిన లక్షణం తలనొప్పి కాదు, వాసన. ఏదో మాడుతోందని ఉన్నట్టుండి అనేది, మేము ఇల్లంతా తిరిగి చూసి ఏమీ లేదని చెప్పేలోగా ఆ వాసన పోయేది, ఆ అర నిమిషంసేపు ఆమె చూపు ఎక్కడో ఆగిపోయి ఉండేది. అది చెవికి పైన, కణత లోపలివైపున ఉండే టెంపొరల్ లోబ్‌లో పుట్టే చిన్నపాటి మూర్ఛ అని మాకు తరవాత చెప్పారు. మొదట చూపించుకున్న డాక్టరు మాత్రం వయసనీ, నిద్ర చాలకపోవడమనీ అన్నారు. అయిదు వారాలు అలా గడిచాయి. ఆ తరవాత నన్ను తమ్ముడి పేరుతో, తమ్ముణ్ణి నాన్న పేరుతో పిలవడం మొదలైంది. ఖర్చుల పుస్తకంలో అంకెలన్నీ సరిగ్గానే ఉండేవి కానీ వాటి పక్కన రాసిన పదాలు అర్థం లేకుండా ఉండేవి. ఒక తెల్లవారుజామున ఒళ్ళంతా కొట్టుకుంటూ పెద్ద మూర్ఛ వచ్చింది. ఆ రోజే ఎమ్మారై తీశారు. ఎడమ టెంపొరల్ లోబ్‌లో ఉంగరంలాంటి మెరిసే అంచు, దాని నడుమ చనిపోయిన కణజాలపు నల్లని మచ్చ కనిపించాయి.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ బయటికి వచ్చి, ‘కంటికి కనిపించినంతవరకు అంతా తీసేశాం’ అన్నారు. మాకు ‘అంతా’ అన్న మాటే వినిపించింది, ‘కనిపించినంతవరకు’ అన్న మాట వినిపించలేదు. ఆ కణాలు మెదడులోని తెల్లని నారల వెంట చాలా దూరం పాకి ఉంటాయనీ, స్కానింగులో కనిపించే అంచు కణితికి నిజమైన అంచు కాదనీ తరవాత చదివి తెలుసుకున్నాను. 1928లోనే వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్, ఇలాంటి కణితుల వల్ల ఎడమ కాలూ చెయ్యీ అప్పటికే పడిపోయిన రోగుల్లో, మెదడు కుడి సగాన్ని మొత్తంగా తీసేసి చూశారు. సగం మెదడు తీసినా ఆ జబ్బు నయం కాలేదు. ఇది చదివిన రోజు నాకు ఏడుపు రాలేదు, ఒక రకమైన నెమ్మది కలిగింది. ఇంకో ఊళ్ళో ఇంకో గొప్ప సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే అమ్మ బతికేదేమోనన్న ఆలోచన నన్ను అంతవరకు నిద్రపోనివ్వలేదు.

చికిత్స గురించి మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. రోజుకొకటి చొప్పున వారానికి అయిదు రోజులు, ఆరు వారాలపాటు 30 సార్లు రేడియేషన్, ఆ రోజులన్నిటా టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మాత్రలు, కొంత విరామం తరవాత ప్రతి 28 రోజుల్లో 5 రోజులు మళ్ళీ అవే మాత్రలు. ఈ పద్ధతి 2005లో వెలువడిన, 573 మంది పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం తరవాత స్థిరపడింది. రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిలో సగం మంది 12.1 నెలలకు మించి బతికితే, మాత్రలు కూడా తీసుకున్నవారిలో సగం మంది 14.6 నెలలకు మించి బతికారు. రెండేళ్ళు దాటినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. ఈ అంకెలను మా డాక్టరు నాకూ నాన్నకూ వరండాలో నిలబెట్టి చెప్పారు. అవి అమ్మ ఆయుష్షుకు సంబంధించిన అంకెలు. జీవితమంతా అంకెలతోనే గడిపిన అమ్మ పది అడుగుల దూరంలో, తలుపు అవతల మంచం మీద ఉంది. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పవద్దని అడిగింది మేమే, కాబట్టి ఆ తప్పును ఆ డాక్టరు మీద పూర్తిగా వేయలేను. కానీ, ‘ఇది ఆవిడకు తెలియవలసిన విషయం, నేను చెబుతాను, మీరు పక్కన ఉండండి’ అని అనవలసిన బాధ్యత ఆయనకు ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆపరేషన్ జరిగిన రెండో వారంలో అమ్మకు మాట దాదాపు పూర్తిగా తిరిగి వచ్చింది. వాపు తగ్గడానికి ఇచ్చిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల ఆ రోజుల్లో ఆమె మునుపటికంటే చురుగ్గా కూడా ఉండేది. ఒక మధ్యాహ్నం తువ్వాలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే, ‘నాకెంత కాలం ఉందో వాళ్ళేమన్నా చెప్పారా?’ అని అడిగింది. ఒక్క పదం కూడా తడబడలేదు. నేను, ‘ముందు రేడియేషన్ అయిపోనీ అమ్మా, తరవాత అన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం’ అన్నాను. ఆమె నా వైపు చూసి, ఆ తువ్వాలును ఇంకొక మడత వేసి పక్కన పెట్టింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. రేడియేషన్ అయిపోయేసరికి అలసటతో రోజులో సగం నిద్రలోనే గడిచేది, మిగిలిన సగంలో వాక్యాలు మధ్యలోనే తెగిపోయేవి. తీరిక వచ్చింది కానీ మాట్లాడుకోవడానికి మాట లేదు. నా జీవితంలో వెనక్కి తీసుకోగలిగిన వాక్యం ఒక్కటే ఉంటే ఆ మధ్యాహ్నం నేనన్న వాక్యాన్నే తీసుకుంటాను.

ఈ విషయంలో నాకు వైద్యుల మీద ఒక ఫిర్యాదు ఉంది. ఎడమవైపు మెదడుకూ మాటకూ ఉన్న సంబంధాన్ని పాల్ బ్రోకా అనే ఫ్రెంచ్ వైద్యుడు 1860ల్లోనే చూపించారు. ఒకే ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేని రోగి చనిపోయాక అతని మెదడును 1861లో పరీక్షించడంతో ఆయన ఆ సంగతి గ్రహించడం మొదలైంది. మాటలు ధారాళంగా వస్తూనే అర్థం తప్పిపోయే స్థితిని, టెంపొరల్ లోబ్ దెబ్బతినడంతో ముడిపెట్టి, కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు 1874లో వివరించారు. ఇంతకాలంగా తెలిసిన సంగతే. మా అమ్మ కణితి ఎక్కడ ఉందో మొదటి ఎమ్మారై రోజునే అందరికీ తెలుసు. అయినా, ‘ఈవిడకు కొన్ని నెలల్లో మాట పోయే అవకాశం ఎక్కువ, చెప్పుకోవలసినవీ అడగవలసినవీ ఇప్పుడే చూసుకోండి’ అన్న ఒక్క హెచ్చరిక మాకు ఎవరినుంచీ రాలేదు. మాత్రలను ఏ వేళకు వేయాలో కాగితం మీద రాసి ఇచ్చారు. ఈ సంగతి కూడా అదే కాగితం మీద ఒక వరుసలో పట్టేది.

ఇప్పుడు ఆ రాత్రి గురించి చెబుతాను. అది తొమ్మిదో నెల. అప్పటికి కణితి తిరిగి వచ్చింది, కుడి చెయ్యి పట్టు తప్పింది, ఒక పదానికి బదులు ఇంకొక పదం రావడం మామూలైపోయింది. పగలంతా నాన్న చూసుకుని అలసిపోయి పక్క గదిలో పడుకున్నారు, నేను అమ్మ గదిలో ఉన్నాను. రాత్రి పదకొండు దాటాక అమ్మ కళ్ళు తెరిచి, ‘తాళం తీసెయ్యి’ అంది. బీరువా తాళమేమో అనుకుని తెరిచి చూపించాను. కాదన్నట్టు తల తిప్పి, ‘తాళం, తాళం తీసెయ్యి’ అంది మళ్ళీ. వీధి తలుపు తెరిచాను. పాత పెట్టె తాళం చెవి దొరకకపోతే వెతకడానికి వరండా లైటూ, హాల్లో లైటూ, చివరికి అమ్మ గదిలోని రెండో లైటు కూడా వేశాను. దొరికిన తాళం చెవులన్నిటినీ ఒక్కొక్కటిగా ఆమె ఎడమ చేతిలో పెట్టాను. ఒక్కొక్కదాన్నీ చూసి దుప్పటి మీద వదిలేసింది. గొంతు పెరిగింది. మోచేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని, కన్నీళ్ళు తుడవడానికి నేనే ఆ మోచేతిని మెల్లగా పక్కకు తీశాను. ఇలా దాదాపు రెండు గంటలు గడిచాయి. ఇక నాకేమీ తోచక, నా కళ్ళే మండుతున్నాయని, ఆ గదిలోని రెండు లైట్లూ ఆర్పేసి గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.

చీకట్లో అమ్మ, ‘హమ్మయ్య’ అంది.

ఆ మాట ఏ తప్పూ లేకుండా, పూర్వం ఆఫీసునుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటూ అన్నట్టే వచ్చింది. రెండు గంటలుగా ఆమె అడుగుతున్నది లైటు తీసెయ్యమని. మన భాషలో తాళమూ తీస్తాం, లైటూ తీస్తాం. తాళమూ వేస్తాం, లైటూ వేస్తాం. ఆమె నోట తప్పిపోయింది ఒక్క నామవాచకమే, క్రియ మొదటినుంచీ సరిగ్గానే ఉంది. నేను తప్పిన మాటనే పట్టుకుని, సరైన మాటను వినకుండా, వెలుతురు భరించలేని మనిషి ముఖం మీద ఇంకా లైట్లు వేస్తూ పోయాను. ఒళ్ళో తాళం చెవులతో తెల్లవారేవరకు అక్కడే కూర్చున్నాను.

రెండు రోజుల తరవాత, ఎవరో చెబితే, ఒక స్పీచ్ థెరపిస్టును ఇంటికి పిలిపించాం. ఆవిడ గంటసేపట్లో నేర్పినవి మొదటి నెలలోనే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో చెప్పలేను, అందుకే మీకు రాస్తున్నాను. ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలి, జవాబుకు పది సెకన్లు ఆగాలి, మనం తొందరపడి పదాన్ని అందించకూడదు. అవును, కాదు అన్న మాటలు కూడా తారుమారవుతాయి కాబట్టి నోటి మాటకంటే తల ఊపునూ చేతి సైగనూ నమ్మాలి. అమ్మ విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజమైంది. లైటు, ఫ్యాను, నీళ్ళు, నొప్పి, మరుగుదొడ్డి, దుప్పటి వంటి వాటి బొమ్మలు పెద్దవిగా గీసి ఒక అట్ట మీద అంటించాలి. ఆశ్చర్యార్థకాలు, లెక్కపెట్టడం, వారాల పేర్లు, చిన్నప్పటినుంచి నోటికి వచ్చిన పాటలు మామూలు మాట పోయాక కూడా చాలాకాలం మిగిలి ఉంటాయి. ‘హమ్మయ్య’ ఎందుకు అంత స్పష్టంగా వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆవిడ వెళ్ళాక నేను, ‘ఒకటి’ అన్నాను. అమ్మ, ‘రెండు, మూడు, నాలుగు’ అంటూ ఆగకుండా ఇరవై దాకా వెళ్ళింది. నెలల తరవాత ఆమె ముఖంలో తను చేయగలిగిన పని చేసిన తృప్తి చూశాను.

మందుల గురించి కూడా రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే వాటి వల్ల మేము అమ్మను అపార్థం చేసుకున్నాం. మూర్ఛలు రాకుండా ఇచ్చిన లెవెటిరాసెటమ్ కొందరిలో విపరీతమైన చిరాకునూ కోపాన్నీ తెస్తుంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని అమ్మ నాన్న మీద చేతిలోని గ్లాసు విసిరితే, తన జబ్బు దాచినందుకు మా మీద కోపమేమోనని నాన్న వారం రోజులు కుమిలిపోయారు. ఆ సంగతి చెప్పాక డాక్టరు మందు మార్చారు, కొద్ది రోజుల్లో ఆ కోపం పోయింది. డెక్సామెథసోన్ మెదడు వాపును అద్భుతంగా తగ్గిస్తుంది కానీ నెలల తరబడి వాడితే నిద్ర పోతుంది, ముఖం ఉబ్బుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, తొడల్లో కండ కరిగిపోతుంది. అమ్మ కుర్చీలోంచి లేవలేకపోతే కణితి ఇంకెక్కడికో పాకిందనుకుని హడలిపోయాం. రెండు కాళ్ళూ ఒకేలా బలహీనపడటం స్టెరాయిడ్ వల్ల కూడా కావచ్చని ముందే చెప్పి ఉంటే ఆ భయం తప్పేది. ఇలాంటి మార్పు కనిపించినప్పుడు మందును మీరుగా ఆపకండి, స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం. కానీ ఇది జబ్బా, మందా అన్న ప్రశ్నను ప్రతిసారీ తప్పకుండా అడగండి.

ఇంకొక మాట. మీ నాన్నగారి సంగతి తెలిసినకొద్దీ ఇంటికి వచ్చేవారు పెరుగుతారు. ఫలానా ఆకు రసంతో కణితి కరిగిపోయిందని ఒకరు, ధైర్యంగా పోరాడితే ఏ జబ్బైనా లొంగుతుందని ఇంకొకరు అంటారు. మొదటి రకం వారికి మెదడులోని రక్తనాళాల గోడల్లో ఉండే అడ్డుకట్టను దాటి లోపలికి వెళ్ళగలిగిన మందులే చాలా కొద్ది అన్న సంగతి తెలియదు. రెండో రకం మాట నాకు ఇంకా ఎక్కువ బాధ కలిగించింది. పోరాడినవారు గెలుస్తారంటే, పోయినవారు సరిగ్గా పోరాడలేదన్నట్టే కదా. మా అమ్మ ముప్పై రోజులు, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా బిగించే మాస్కు కింద పడుకుంది, ఒక్క మాత్ర కూడా మానలేదు. ఆమె చేయవలసినదేదీ మిగల్చలేదు, అయినా కణితి తిరిగి వచ్చింది. ఆ మాటలు అన్నవారిని తరవాత్తరవాత తమ్ముడే గుమ్మం దగ్గర మాట్లాడి పంపేసేవాడు.

కణితి తిరిగి వచ్చిందని తెలిశాక ఉపశమన చికిత్స చేసే ఒక వైద్యురాలిని కలిశాం. చివరి దశలో మాత్రమే కలవవలసినవారు అన్న అపోహతో అంతవరకు ఆగాం. మీరు ఆగకండి, రేడియేషన్ నడుస్తున్నప్పుడే కలవండి. ఆవిడ అమ్మ మంచం అంచున కూర్చుని, ఎడమ చెయ్యి పట్టుకుని, ‘మీ తలలో ఉన్న గడ్డ మళ్ళీ వచ్చిందమ్మా. ఈసారి అది తగ్గదు. నొప్పి లేకుండా చూడటం నా పని’ అని చిన్న చిన్న వాక్యాల్లో, మధ్య మధ్య ఆగుతూ చెప్పారు. ఎనిమిది నెలలుగా మేమందరం కలిసి దాచిన సంగతి అది. అమ్మ ఆమె వైపు కాక నా వైపు చూసి, ‘తెలుసు’ అంది. అప్పటికి ఆమెకు మిగిలిన కొద్దిపాటి మాటల్లో అది ఒకటి. తెలుసని నాకూ తెలుసు. తువ్వాలు మడతపెట్టిన మధ్యాహ్నమే తెలుసు. ఆ నెలలన్నీ ఆమె మమ్మల్ని కాపాడటానికి తెలియనట్టు ఉంది, మేము ఆమెను కాపాడుతున్నామని అనుకున్నాం. ఊపిరి యంత్రం మీద పెట్టవచ్చా, మింగలేనప్పుడు గొట్టం వేయవచ్చా, ఆసుపత్రిలోనా ఇంట్లోనా అన్నవన్నీ ఆ తరవాత మేమే ఊహించి నిర్ణయించాం. ఇంట్లోనే ఉంచాం, గొట్టం వేయించలేదు. ఆమె కోరుకున్నది అదేనో కాదో నాకు ఎన్నటికీ తెలియదు. రోగి తట్టుకోలేరనే వాదన నేను ఎంతోమంది నోట విన్నాను. తట్టుకోలేనిది ఇంట్లోవాళ్ళే అని నా గట్టి అభిప్రాయం, మా ఇంట్లో జరిగింది అదే.

చివరి నెల గురించి మీకు భయం ఉంటుంది కాబట్టి ఉన్నది చెబుతాను. ఈ కణితి మెదడు దాటి వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. అందుకే మనిషి మెల్లమెల్లగా నిద్రలోకి వెళ్ళిపోతున్నా గుండె బలంగానే కొట్టుకుంటూ ఉంటుంది. అమ్మ నిద్ర రోజుకు పద్ధెనిమిది గంటలు, తరవాత ఇరవై గంటలు అయింది. మింగడం కష్టమయ్యాక మూర్ఛ మందును చర్మం కింద సూది ద్వారా ఇచ్చారు. నొప్పి ఎక్కువగా లేదు. శ్వాసలో గురగుర శబ్దం విన్నప్పుడు మేము భయపడితే, అది ఆమెకు బాధ కలిగించడం లేదనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టమనీ ఆ వైద్యురాలు చెప్పారు.

స్పీచ్ థెరపిస్టు వచ్చిన రోజునుంచి ప్రతి రాత్రీ పడుకునే ముందు మేమిద్దరం ఇరవై దాకా లెక్కపెట్టేవాళ్ళం. పన్నెండో నెలలో అమ్మ పదకొండు దగ్గర ఆగిపోయేది, తరవాత ఏడు దగ్గర. గొంతు రావడం మానేశాక నేను లెక్కపెడుతుంటే అంకెకొక్కసారి ఎడమ చేతి చూపుడు వేలుతో నా అరచేతిని నొక్కేది. చివరి మూడు రాత్రులు వేలు కదలలేదు. నేను ఇరవై దాకా లెక్కపెట్టి, లైటు తీసేసేదాన్ని.